గొలుసు రంపం ఎందుకు కోయదు?

వాడుకలో చైన్ సా అని పిలిచే పెట్రోలు గొలుసు రంపం దుంగలోకి సరిగా దిగనప్పుడు, దానిని నడిపేవారి అనుమానం సాధారణంగా మొదట ఇంజను మీదికి పోతుంది. కార్బ్యురేటర్ మరలు తిప్పడం, స్పార్క్ ప్లగ్ మార్చడం, పెట్రోలును తప్పుపట్టడం అన్నీ అయిన తరువాత గాని గొలుసు పళ్ళను దగ్గరగా పెట్టుకుని చూడటం జరగదు. ఇంజను స్టార్టయి, హోరుమని పూర్తి వేగం అందుకుంటూ ఉండి కూడా కోత సాగడం లేదంటే, లోపం చాలావరకు గొలుసులోనో, ఆ గొలుసు తిరిగే బార్ అనే పొడవాటి ఉక్కు పట్టీలోనో ఉంటుంది. అక్కడ కూడా తేడా ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది కనుక దూరం నుంచి చూసే కంటికి అది అందదు. అందువల్ల కోత చెడిన రంపాన్ని పరీక్షించే క్రమం పంటి అంచు దగ్గర మొదలై, బార్ మీదుగా వెనక్కి నడిచి, చివరకు ఇంజనును చేరడం శాస్త్రసమ్మతమైన పద్ధతి.

పరీక్షకు మొదటి ఆధారం యంత్రం మీద కాక నేల మీద పడి ఉంటుంది. పదునుగా ఉన్న గొలుసు దుంగను అడ్డంగా కోస్తున్నప్పుడు వేలితో ఏరి చూడదగిన చెక్క పలుకులను విసురుతుంది, అవి ఇంచుమించు సమాన మందంతో, అంచులు తెగినట్లుగా ఉంటాయి. మొద్దుబారిన గొలుసు కొయ్య నారలను తెంచలేక రుద్ది నలుపుతుంది కాబట్టి పిండి వంటి సన్నని పొట్టును రాలుస్తుంది, దానితోపాటు మాడు వాసన, కొన్నిసార్లు పొగ కూడా వస్తాయి. అయితే ఈ ఆధారాన్ని గుడ్డిగా నమ్మరాదు. బాగా ఎండి చేవ మాత్రమే మిగిలిన మానును గాని, పుచ్చిన మొద్దును గాని కోస్తే గొలుసు ఎంత పదునుగా ఉన్నా పొట్టు సన్నగానే రాలుతుంది. పలకలు తీయడానికి దుంగను కొస ముఖం నుంచి నిలువునా చీల్చేటప్పుడూ అంతే. అదే దుంగను పడుకోబెట్టి బార్‌ను నార వెంట పెట్టి చీలిస్తే, పలుకులకు బదులు పొడవాటి దారాల వంటి పేలికలు వచ్చి క్లచ్ మూత కింద ఇరుక్కుంటాయి. కాబట్టి పచ్చి కొయ్యను అడ్డంగా కోసినప్పుడు రాలిన పొట్టే నమ్మదగిన ఆధారం. దానికి తోడుగా మరొకటి చూడవచ్చు. మంచి గొలుసు బార్ బరువుతోనే కొయ్యలోకి దిగిపోతుంది, చేతులతో అదిమి పట్టవలసిన అవసరం కలిగిందంటే గొలుసు తన పని తాను చేయడం లేదని అర్థం.

ఈ తేడా ఎందుకు కలుగుతుందో తెలియడానికి గొలుసు నిర్మాణాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంటుంది. గొలుసులో మూడు రకాల ముక్కలు రివెట్లతో కలిసి ఉంటాయి. బార్ గాడిలోకి దిగి, స్ప్రాకెట్ అనే పళ్ళచక్రం లాగే డ్రైవ్ లింకులు మొదటివి, వాటిని ఒకదానితో ఒకటి కలిపే బద్దీలు రెండవవి, కొయ్యను కోసే పళ్ళు మూడవవి. వరుసగా ఉన్న మూడు రివెట్లలో మొదటి దానికీ మూడవ దానికీ నడుమ ఉన్న దూరంలో సగాన్ని పిచ్ అంటారు. గాడిలో దిగే డ్రైవ్ లింకు మందాన్ని గేజ్ అంటారు. 3/8 అంగుళం అని వ్యవహరించే గొలుసుకు వాస్తవపు పిచ్ 9.32 మిల్లీమీటర్లు. ఏడు పళ్ళ స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే అటువంటి గొలుసు పద్నాలుగు పిచ్‌ల దూరం, అంటే దాదాపు 130 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతుంటే గొలుసు వేగం సెకనుకు 21 మీటర్లు దాటి, గంటకు 78 కిలోమీటర్ల దగ్గర నిలుస్తుంది. 72 డ్రైవ్ లింకులూ 36 పళ్ళూ ఉన్న గొలుసైతే కొయ్యలోని ఏ ఒక్క బిందువు వద్దనైనా సెకనుకు 580 దాకా పళ్ళు దాటిపోతాయి. ఒక్కొక్క పంటిలోని వెంట్రుకవాసి లోపం కూడా ఇంత వేగంలో ఇన్ని వందల రెట్లు పునరావృతమవుతుంది కనుకనే దాని ఫలితం చేతికి అంత స్పష్టంగా తెలుస్తుంది.

పంటిని పక్క నుంచి చూస్తే దానికి రెండు శిఖరాలు కనిపిస్తాయి. వెనుక ఉన్నది అసలు కోత అంచు. దానికి పైరేకు ఒకటి, పక్కరేకు ఒకటి ఉండి, రెండూ కలిసే మూల అన్నిటికన్నా ముందుగా కొయ్యను తాకుతుంది. పక్కరేకు నారలను అడ్డంగా తెంచుతుంటే, తెగిన నారలను పైరేకు అడుగు నుంచి పెళ్ళగించి పైకి లేపుతుంది. ముందున్న రెండవ శిఖరం ఏ పదునూ లేని నున్నని బొడిపె, దీనినే డెప్త్ గేజ్ అంటారు. వడ్రంగి చిత్రికలో ఇనుప ఉలి చెక్క దిమ్మె అడుగు నుంచి ఎంత బయటికి పొడుచుకు వస్తే అంత మందం పొర లేస్తుంది కదా, ఇక్కడ ఆ దిమ్మె చేసే పనిని ఈ బొడిపె చేస్తుంది. కోత అంచు కన్నా అది ఎంత తక్కువ ఎత్తులో ఉంటే పన్ను అంత లోతుగా కొయ్యలోకి దిగగలుగుతుంది. సాధారణ గొలుసులకు ఈ ఎత్తు తేడాను 0.65 మిల్లీమీటరుగా నిర్ణయించారు, అంటే అంగుళంలో వెయ్యింట 25 వంతులు. పళ్ళు ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ మళ్ళి ఉండటం వల్ల కోత చాలు బార్ మందం కన్నా వెడల్పుగా పడి, బార్ అందులో ఒరుసుకోకుండా జారుతుంది.

గొలుసు రంపం గురించి ఎక్కువగా తప్పుగా అర్థమయ్యే విషయం ఈ బొడిపెలోనే ఉంది. పంటి పైరేకు సమతలంగా ఉండదు. కోత అంచు వద్ద ఎత్తుగా ఉండి వెనక్కి పోయే కొద్దీ కిందికి వాలుతుంది, అలా వాలకపోతే పంటి మడమ కొయ్యకు ఒరుసుకుని అంచును పైకి ఎత్తేస్తుంది. పదును పెట్టిన ప్రతిసారీ ఆకురాయి అంచును కొంచెం వెనక్కి జరుపుతుంది, వెనక్కి జరిగిన అంచు ఆ వాలు మీద కొంచెం కిందికి దిగుతుంది, ముందున్న బొడిపె మాత్రం తాకనందువల్ల మొదటి ఎత్తులోనే ఉండిపోతుంది. నాలుగైదు సార్లు పదును పెట్టేసరికి 0.65 మిల్లీమీటరు తేడా సగానికి పడిపోవచ్చు. అప్పుడు పన్ను వేలికి తగిలితే కోసేంత పదునుగా ఉన్నా, కొయ్య మీద బొడిపెలు ముందుగా ఆని పళ్ళను లోపలికి దిగనివ్వవు. శ్రద్ధగా పదును పెట్టి కూడా రంపం కోయడం లేదని వాపోయేవారి ఇబ్బంది చాలాసార్లు ఇదే. వారు మరింత పదును పెట్టే కొద్దీ పరిస్థితి మరింత చెడుతుంది.

దీనికి విరుగుడు బొడిపెను చదును ఆకురాయితో తగ్గించడం. పళ్ళ మీద ఒక చిన్న గేజ్ పలకను ఆనించి, దాని గాడిలోంచి పైకి పొడుచుకు వచ్చినంత మేరకు అరగదీసి, ఆపైన బొడిపె ముందు మూలను మళ్ళీ గుండ్రంగా చేయాలి. కంటి అంచనాతో అరగదీయడం మంచిది కాదు. బొడిపె మరీ తగ్గిపోతే పన్ను అవసరానికి మించి లోతుగా దిగి కొయ్యను పట్టేస్తుంది, ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది, చేతులకు అదురు పెరుగుతుంది. బార్ కొసలోని పై పావు భాగం దేనికైనా తగిలినప్పుడు యంత్రం ఒక్కసారిగా మనిషి వైపు ఎగిరే ఎదురుతన్ను ప్రమాదం కూడా అప్పుడు ఎక్కువవుతుంది. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. పన్ను నిజంగా కొయ్యలోకి దిగేటప్పుడు లింకు రివెట్ల మీద కొంచెం ఊగి ముందు భాగాన్ని ఎత్తుతుంది, కాబట్టి దాని దూకుడును నిర్ణయించేది బొడిపెకూ అంచుకూ మధ్య ఉన్న ఎత్తు తేడా ఒక్కటే కాదు, ఆ రెండింటి శిఖరాలను కలిపే గీత వాలు కూడా. అరిగి పొట్టిదైన పంటిలో బొడిపె నుంచి అంచు దూరం పెరిగి ఉంటుంది గనుక అదే 0.65 మిల్లీమీటరు అక్కడ తక్కువ వాలునే ఇస్తుంది. ఒక్కొక్క పంటి మీద విడిగా ఆనుకుని, పన్ను అరిగే కొద్దీ బొడిపెను కాస్త ఎక్కువ తగ్గించే గేజ్ పలకలను కొన్ని కంపెనీలు తయారుచేయడానికి కారణం ఇదే. పాత గొలుసులను చివరిదాకా వాడుకోదలచినవారికి అటువంటి పలక దాని ఖరీదుకు మించిన ఉపకారం చేస్తుంది.

ఈ పంటి ఆకారానికి ఒక పురుగు ఆధారమైంది. 1940ల వరకు గొలుసు పళ్ళు చేతి రంపపు పళ్ళ మాదిరిగా కొన్ని గీసేవిగా, కొన్ని గోకేవిగా ఉండేవి, వాటికి పదును పెట్టడం పెద్ద నేర్పుతో కూడిన పనిగా ఉండేది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో కలప కోత పని చేసిన జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్ 1946లో ఒక మొద్దును తొలుస్తున్న కొయ్యపురుగు లార్వాను గమనించాడు. అది తన వంకర దవడలను కుడికీ ఎడమకూ ఆడిస్తూ నార వెంటనూ నారకు అడ్డంగానూ ఒకే తేలికతో కొయ్యను తినడం చూసి, ఆ దవడల వంపును ఉక్కులో తయారుచేశాడు. 1947లో వెలువడిన ఆ గొలుసే నేటి గొలుసులన్నిటికీ మూలరూపం. గుండ్రటి ఆకురాయి ఒక్కదానితోనే ఎవరైనా తమ రంపానికి తామే పదును పెట్టుకునే వీలు దాని వంపు వల్లనే కలిగింది.

పదును పోవడానికి కొయ్య గట్టిదనం ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. పచ్చి సరుగుడు ఎంత గట్టిదైనా శుభ్రమైన మానును కోస్తే గొలుసు గంటల తరబడి నిలుస్తుంది, కాని అదే గొలుసు ఒక్క క్షణం నేలను తాకితే పళ్ళన్నీ ఒకేసారి మొద్దుబారుతాయి. ఇసుకలోని స్ఫటికశిల పంటి ఉక్కు కన్నా గట్టిది కావడం దీనికి కారణం. అందుకే తుఫానుకు కూలిన చెట్లు గొలుసులకు గండంగా పరిణమిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాని, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు గాని ఉన్న పరిస్థితిని తలచుకుంటే ఇది అర్థమవుతుంది. వేళ్ళతో సహా పెకలిపోయిన మాను బెరడు పగుళ్ళ నిండా మట్టి, ఇసుక ఉంటాయి. రోడ్డు పక్క చెట్టైతే ఎప్పుడో బోర్డు కోసం కొట్టిన మేకులు కొయ్యలో కలిసిపోయి కనబడకుండా ఉంటాయి. కొబ్బరి మానుది మరొక రకమైన స్వభావం. అది ఏకదళబీజపు మాను కావడం వల్ల చేవ లోపల కాక వెలుపలి వలయంలో పేరుకుని ఉంటుంది, నడిబొడ్డు మెత్తగా దూదివలె ఉంటుంది. ఆ వెలుపలి వలయం రంపపు అంచును త్వరగా అరగదీస్తుందని కొబ్బరి కలప కోసే మిల్లులన్నిటికీ తెలుసు. టేకులో సహజంగా ఉండే సిలికా కూడా అదే పని చేస్తుంది. కోత మొదలుపెట్టే ముందు బెరడు మీది మట్టిని గొడ్డలితో చెక్కి తీయడం వృథా శ్రమ అనిపించవచ్చు, కాని గొలుసును విప్పి పదును పెట్టే శ్రమతో పోలిస్తే అది ఏపాటిదీ కాదు.

మొద్దుబారిన పంటిని గుర్తించడానికి భూతద్దం ఉంటే మంచిదే, లేకపోయినా ఎండ చాలు. గొలుసును వెలుతురుకు తిప్పి అంచు మీదికి చూసినప్పుడు, పదునైన అంచు వెలుగును తిరిగి పంపేంత వెడల్పు లేనిది కనుక నల్లని గీతలా కనిపిస్తుంది. మొద్దుబారిన అంచు గుండ్రబడి సన్నని తెల్లని గీతలా మెరుస్తుంది. పైరేకు మీద పలుచని క్రోమియం పూత ఉంటుంది. ఉక్కు కన్నా గట్టిదైన ఆ పూతే నిజానికి కోత అంచు, లోపలి ఉక్కు దానికి ఆధారం మాత్రమే. మేకుకో రాయికో తగిలినప్పుడు ఆ పూత పెచ్చులూడుతుంది, దెబ్బతిన్న పూత మొత్తం పోయి కొత్త పూత అంచుకు వచ్చేదాకా అరగదీయకపోతే పైకి పదునుగా కనిపించే పన్ను కూడా కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ మొద్దుబారుతుంది. మూలలో ఒక్క మెరుపు చుక్క మిగిలినా పని పూర్తికానట్లే, ఎందుకంటే కోతలో ఎక్కువ భారం మోసేది ఆ మూలే.

పదును పెట్టడంలో ఆకురాయి సైజు గొలుసు పిచ్‌ను బట్టి ఉంటుంది. చిన్న రంపాల 3/8 లో ప్రొఫైల్ గొలుసుకు 4 మిల్లీమీటర్లు, 0.325 అంగుళాల గొలుసుకు 4.8 మిల్లీమీటర్లు, పూర్తి పరిమాణపు 3/8 గొలుసుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రటి ఆకురాయి పడుతుంది. దాని వ్యాసంలో సుమారు ఐదో వంతు పైరేకు మీదికి తేలి ఉండేలా పట్టాలి. మరీ కిందికి దించితే అంచు కొక్కెంలా పలుచబడి, మొదట దూకుడుగా కోసి వెంటనే విరిగి మొద్దుబారుతుంది. మరీ పైకి పడితే అంచు వెనక్కి వాలి కొయ్య మీద జారుతుంది. పైరేకు కోణం చాలా గొలుసులకు 30 డిగ్రీలు, పలకలు చీల్చే గొలుసుకు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడు మాత్రమే కోస్తుంది కాబట్టి పంటి లోపలి వైపు నుంచి బయటికి తోసి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి, ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయి పళ్ళే పాడవుతాయి. కరెంటు గ్రైండర్ వాడేవారు పన్ను నీలిరంగుకు మారకుండా చూసుకోవాలి. ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ రంగు తేలుతుంది, అంతటి వేడి తగిలిన చోట ఉక్కుకు తయారీలో ఇచ్చిన గట్టిదనం పోయి, ఆ తరువాత ఎంత పదును పెట్టినా అంచు నిలవదు.

కోత సాగుతూనే ఒక పక్కకు వంగిపోవడం వేరొక రకమైన లోపం. కుడిచేతివాటం మనిషి ఒక వరుస పళ్ళను బలంగా, రెండో వరుసను తేలికగా అరగదీయడం సహజం. దానితో ఒక పక్క పళ్ళు పొట్టిగానో మొద్దుగానో మిగులుతాయి, రంపం పదునైన, పొడవైన పళ్ళు ఉన్న వైపుకు లాక్కుపోతుంది. పైరేకుల పొడవును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, అన్నిటికన్నా పొట్టిగా ఉన్న పంటిని ప్రమాణంగా తీసుకుని మిగిలినవాటిని దానికి సమం చేయాలి. పళ్ళన్నీ సమంగా ఉన్నా కోత వంకరపోతుంటే చూడవలసింది బార్. దాని గాడికి ఇరువైపులా ఉన్న పట్టాల వంటి అంచులలో ఒకటి రెండవదాని కన్నా ఎక్కువ అరిగినా, గాడి వెడల్పై గొలుసు అందులో పక్కకు వాలుతున్నా ఈ లోపం వస్తుంది. స్కేలును బార్ పక్క చదునుకూ పంటి పక్కకూ ఆనించి చూస్తే, గాడి బాగున్నప్పుడు పన్ను బయటికి మళ్ళి ఉన్నందువల్ల బార్‌కూ స్కేలుకూ మధ్య సందు కనిపిస్తుంది. ఆ సందు లేకుండా స్కేలు బార్‌కు అంటుకుందంటే గొలుసు ఒరిగిపోతున్నదని అర్థం. కొత్త గొలుసు వేసినా ఇది తగ్గకపోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. 1.5 మిల్లీమీటర్ల గాడి ఉన్న బార్‌కు 1.3 మిల్లీమీటర్ల గేజ్ గొలుసు తేలికగానే ఎక్కుతుంది, తిరుగుతుంది, వంకరగా కోస్తుంది. దుకాణంలో బార్ పొడవు ఒక్కటే చెప్పి గొలుసు అడిగితే ఈ పొరపాటు జరుగుతుంది. పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య మూడూ చెప్పాలి, ఇవి చాలా బార్‌ల మొదట్లోనే ముద్రించి ఉంటాయి. బార్ కింది అంచు ఎక్కువగా పనిచేసి ఎక్కువగా అరుగుతుంది కాబట్టి గొలుసు విప్పినప్పుడల్లా దానిని తిరగేసి బిగించడం వల్ల అరుగుదల రెండు అంచులకూ సర్దుకుంటుంది.

ఇంతకన్నా చిన్న తప్పు ఒకటి తరచుగా కనిపిస్తుంది, గొలుసును తిరగేసి ఎక్కించడం. బార్ పైభాగంలో గొలుసు మనిషికి దూరంగా కొస వైపు పరుగెత్తి, అడుగున తిరిగి ఇంజను వైపు వస్తుంది గనుక, పై అంచు మీద పళ్ళ పదును కొస వైపు చూడాలి. అది వెనక్కి ఉంటే కొత్త గొలుసు కూడా కొయ్యను కాల్చి నల్లగా చేయడం తప్ప ఏమీ చేయలేదు.

గొలుసు బిగువు కూడా కోతను ప్రభావితం చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గొలుసు బార్ అడుగు అంచును ఆనుకుని ఉండాలి, అయినా చేత్తో లాగితే సులభంగా తిరగాలి. పనిలో అది వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి తన పొడవులో పది లక్షలింట సుమారు 12 వంతులు పెరుగుతుంది కాబట్టి, 1.34 మీటర్ల గొలుసు వంద డిగ్రీలు వేడెక్కితే 1.6 మిల్లీమీటర్లు సాగి బార్ కింద వేలాడుతుంది. వేలాడుతున్న గొలుసును అప్పటికప్పుడు బిగించినవారు పని ముగిశాక మళ్ళీ వదులు చేయకపోతే, చల్లారి కుంచించుకున్న గొలుసు ఇంజను కడ్డీ బేరింగులనూ బార్ కొసనూ ఒత్తేస్తుంది. ఆ వేడి అతిగా పెరగకుండా చూసేది బార్ నూనె. ఇది పెట్రోలులో కలిపే నూనె కాదు, వేరే ట్యాంకు నుంచి గాడిలోకి చుక్కచుక్కగా చేరి గొలుసుతో పాటు పోయి పొట్టులో కలిసిపోయేది. రంపం కొసను తెల్లని కాగితం మీదికి కొంచెం ఎత్తులో పట్టి ఇంజనును వేగంగా తిప్పితే కాగితం మీద సన్నని నూనె చార పడాలి. పడలేదంటే బార్ మొదట్లో ఉన్న చిన్న నూనె రంధ్రం తడిసిన పొట్టుతో పూడుకుపోయి ఉంటుంది, దానిని సన్నని తీగతో పొడిచి గాడిని తుడవాలి. వాడేసిన ఇంజను ఆయిలును ఇందుకు పోయడం ఊళ్ళలో మామూలే గాని, అందులో లోహపు రజను, మసి ఉంటాయి, వేగంగా తిరిగే గొలుసుకు అంటుకుని ఉండేంత జిగట ఉండదు. అది చర్మానికీ మంచిది కాదు. ఐరోపా అడవులలో ఆవజాతి గింజల నూనె ఆధారంగా తయారైన బార్ నూనెలు వాడుకలో ఉన్నాయి. కొబ్బరి నూనెతో ప్రయత్నించదలచినవారు అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాత గాని ఇంజను వంతు రాదు. అక్కడ కూడా లక్షణాలను వేరుచేసి చూడాలి. ఇంజను గట్టిగా అరుస్తూ ఉండగానే గొలుసు కొయ్యలో ఆగిపోతుంటే శక్తి పుట్టడంలో లోపం లేదు, అందడంలో ఉంది. వేగం పెరిగినప్పుడు బరువులు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకునే క్లచ్ అరిగిపోయి ఉండవచ్చు, లేదా చైన్ బ్రేకు సగం పడి ఉండవచ్చు. సగం ఎక్సలరేటర్‌తో కోసే అలవాటు క్లచ్‌ను తొందరగా అరగదీస్తుంది కాబట్టి కోత పూర్తి వేగంలోనే జరగాలి. స్ప్రాకెట్ పళ్ళలో అర మిల్లీమీటరు లోతు గాళ్ళు పడితే దానిని మార్చవలసిందే, లేకపోతే కొత్త గొలుసు కూడా వాటిలో పడి త్వరగా సాగిపోతుంది. ఇక పదునైన గొలుసుతో కూడా కొయ్య తగలగానే ఇంజను వేగం కూలిపోతుంటే మొదట ఎయిర్ ఫిల్టర్‌నూ, తరువాత సైలెన్సర్ నోట్లో ఉండే నిప్పురవ్వల జాలీనీ చూడాలి. మొదటిది పొట్టుతోనూ రెండవది మసితోనూ పూడుకుపోతే ఇంజనుకు ఊపిరి ఆడదు. 52, 58 సీసీ ఇంజన్లకు 22 అంగుళాల బార్ బిగించి అమ్మే చవక యంత్రాలలో ఏ లోపమూ లేకుండానే ఈ లక్షణం కనిపిస్తుంది. గట్టి మానులో బార్ మొత్తం మునిగినప్పుడు ఒకేసారి పనిలో ఉండే పళ్ళ సంఖ్య ఆ ఇంజను లాగగలిగిన దానికి మించిపోతుంది. 18 అంగుళాల బార్‌తో అదే యంత్రం మరో యంత్రంలా పనిచేస్తుంది.

పెట్రోలు విషయం ఇటీవల మరింత చిక్కుగా మారింది. భారతదేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు దేశమంతటా మామూలు పెట్రోలుగా మారింది. చిన్న రెండు స్ట్రోకుల ఇంజన్ల తయారీదారులలో చాలామంది తమ మాన్యువళ్ళలో 10 శాతాన్ని హద్దుగా పెట్టారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక స్థాయి దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగి, ఇంధన గొట్టం ముందుగా ఆ పొరనే పీలుస్తుంది. అది కార్బ్యురేటర్‌లోని రబ్బరు పొరలనూ గొట్టాలనూ క్రమంగా పాడుచేస్తుంది. అంతేకాక ఇథనాల్ మండటానికి పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు కాబట్టి, పాత సర్దుబాటులోనే ఉన్న కార్బ్యురేటర్ నుంచి వచ్చే మిశ్రమం పలుచనై ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో కందెన కూడా పెట్రోలుతోనే వస్తుంది గనుక పలుచని మిశ్రమం అంటే తక్కువ కందెన అని కూడా అర్థం. లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె, అంటే యాభైకి ఒక పాలు, తాజా పెట్రోలులో కలిపి కొద్ది వారాలలో వాడేయడం, మిగిలినది ట్యాంకులో నిలవ ఉంచకపోవడం దీనికి ఉన్న ఆచరణీయమైన జాగ్రత్త.

వేడిగా ఉన్నప్పుడు ఖాళీగా కీచుమని అతివేగంగా తిరుగుతూ, కొయ్య తగలగానే నీరసించే ఇంజనును చూసి కార్బ్యురేటర్ మరను మరింత తిప్పేవారు ఉంటారు. ఆ లక్షణం కనిపిస్తే ముందు ఇంజను చల్లారనిచ్చి, ప్లగ్ తీగ ఊడదీసి, సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ ద్వారం గుండా టార్చి వేసి పిస్టన్ గోడను చూడాలి. అది నున్నగా, తయారీ నాటి సన్నని అడ్డ గీతలతో ఉంటే కార్బ్యురేటర్ సర్దుబాటుకు అర్థం ఉంటుంది. నిలువునా గీరుకుపోయిన చారలు ఉంటే సిలిండర్, పిస్టన్ రెండూ మార్చవలసి వస్తుంది. అప్పటికి కూడా పగిలిన ఇన్‌టేక్ రబ్బరు నుంచి గాలి లోపలికి పోతున్నదో, నూనె కలపని పెట్రోలు పడిందో కనుక్కోకుండా కొత్త పిస్టన్ బిగిస్తే దాని గోడ మీద కూడా అవే చారలు పడతాయి.